ముల్లు దిగని బండి

గుండ్లవరం పశువుల ఆసుపత్రికి బండి వచ్చిన రోజున గొడ్లకు ఏమీ తెలియలేదు గాని, మనుషులు మాత్రం కొబ్బరికాయలు కొట్టారు. తెల్లబండి. ఒక పక్క ఆవు బొమ్మ, ఇంకో పక్క గేదె బొమ్మ, వెనక తలుపు మీద ఎందుకో నవ్వుతున్న కోడిపుంజు బొమ్మ. వేరే శాఖలో తిరిగి తిరిగి అరిగిన పాతబండే అయినా, రంగు కొత్తది కాబట్టి ఎవరూ వయసు అడగలేదు. లోపల మందుల అరలు, సెలైను సీసాలు తగిలించే కొక్కేలు, ఈనలేక అవస్థపడే గేదెల కడుపులోంచి దూడను లాగే తాళ్లు, అన్నీ ఉన్నాయి.

డాక్టర్ నీలవేణి ఆ తాళ్లను చేత్తో తడిమి చూసింది. ఆమెకు తూమాడుపల్లె రామతులశమ్మ గుర్తుకొచ్చింది.

కిందటి ఏడు రామతులశమ్మ గేదె ఈనేటప్పుడు దూడకాలు లోపల మడతపడింది. నీలవేణికి కబురు అందేసరికి పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. ఆ ఊరికి ఆటోలు పోవు, మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదు. ఆమె చేరేసరికి దూడ చచ్చింది, గేదె చావు తప్పి బతికింది. రామతులశమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ మజ్జిగ నీలవేణికి ఇప్పటికీ గొంతు దిగలేదు.

ఆ గేదె మళ్లీ చూలుకట్టింది. బండి వచ్చిన వారంలోనే నీలవేణి వెళ్లి చూసి చెప్పింది.

"ఈసారి బండేసుకుని వస్తా పిన్నీ. నొప్పులు మొదలవగానే ఫోన్ చెయ్యి చాలు."

"నువ్వు రా తల్లీ. బండి రాకపోయినా పర్లేదు," అంది రామతులశమ్మ.

మాట ఇచ్చినప్పుడు నీలవేణికి కోదండపాణి గారి సంగతి తెలియదు.

కోదండపాణి గారు ఆ డివిజనుకు పెద్ద, డిప్యూటీ డైరెక్టరు. అందరూ డీడీ గారంటారు. ఒకనాడు ఆయన తన ఆఫీసు బండిలో పర్యటనకు బయల్దేరారు. దారిలో డ్రైవరు, ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది సార్, డీజిలు కొట్టిద్దామా అని అడిగాడు. డీడీ గారు నవ్వారు.

"ముల్లు భయపెడుతుందయ్యా. నువ్వు భయపడకు. ఎర్రగీత కింద కూడా కంపెనీవాళ్లు కొంత దాచి ఉంచుతారు. ఆ మాత్రం తెలియకుండా డ్రైవరువి ఎట్లా అయ్యావు?"

మొదటి బంకులో వరస ఎక్కువుందని ఆపనివ్వలేదు. రెండో బంకులో నీడ లేదని ఆపనివ్వలేదు. కంపెనీవాళ్లు దాచింది దాచినంత దూరం వచ్చి, మిరపచేల మధ్య అయిపోయింది. డీడీ గారు వరిగడ్డి ట్రాక్టరెక్కి సమీక్షా సమావేశానికి చేరుకున్నారు. ఆయన జుట్టులో గడ్డిపరకలు ఉన్నాయని అందరూ చూశారు. పశుసంవర్ధక శాఖ కాబట్టి ఎవరూ తప్పుగా అనుకోలేదు. కాని ఆయన అనుకున్నారు. మర్నాడే ఉత్తర్వు పుట్టింది.

"ఇందుమూలముగా సమస్త క్షేత్రస్థాయి సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంచార వాహనముల యందు ఎర్రగీతకు దిగువనున్న ఇంధనము అత్యవసర నిల్వ. దానిని ఎట్టి పరిస్థితులలోను ముట్టరాదు. ఎర్రగీతకు ఎగువనున్న ఇంధనము ఆ నిల్వకు రక్షణ. రక్షణ లేని నిల్వ నిల్వ కాదు. కావున ఎగువనున్న దానిని కూడ ముట్టరాదు. ఇకమీదట ముల్లు యొక్క స్థితియే ఆయా కేంద్రముల సన్నద్ధతకు ఏకైక కొలమానము."

రోజూ పొద్దున ఆసుపత్రి తెరవగానే తాళం తిప్పి, ముల్లును ఫొటో తీసి, ఫోనులోని డివిజను గ్రూపులో పెట్టాలి. ముల్లు నిండుగా ఉంటే ఆకుపచ్చ నక్షత్రం. కొంచెం దిగితే పసుపు. ఇంకా దిగితే సంజాయిషీ.

ఉత్తర్వును నీలవేణి ముందు సరిగా అర్థం చేసుకోలేదు. బండి తిరగడానికే గదా అనుకుని, గాలికుంటు వచ్చిందంటే పక్క ఊరికి వెళ్లి వచ్చింది. మూడోనాటికి మెమో వచ్చింది. "నిండుగా నుండిన ముల్లు వెంట్రుకవాసి దిగినట్లు ఛాయాచిత్రము ద్వారా స్పష్టమగుచున్నది. కారణమేమి?"

"బండి నడిచింది," అని నీలవేణి రాసి పంపింది.

"మీ సమాధానము నేరాంగీకారముగా పరిగణింపబడినది," అని తిరుగుటపాలో వచ్చింది.

అయినా ఆమె ఆశ వదులుకోలేదు. ఇంకో ఊళ్లో మేకలు పడిపోతున్నాయని కబురొచ్చినప్పుడు డీడీ గారికే ఫోన్ చేసింది.

"అత్యవసరమైతే బండి తీసుకోవచ్చునమ్మా. ఉత్తర్వులో ఆ వెసులుబాటు ఉంది," అన్నారాయన ఎంతో దయగా. "తాము పశువును ప్రత్యక్షముగా పరీక్షించి, అత్యవసరమని ధ్రువీకరించాలి. అంతే."

"పరీక్షించాలంటే అక్కడికి పోవాలి గదా సార్? పోవడానికే బండి."

"తప్పకుండా పోవాలి. పోయి, పరీక్షించి, ధ్రువీకరించి, తిరిగొచ్చి దరఖాస్తు పెట్టండి. బండి ఇవ్వకపోతే నన్నడగండి."

నీలవేణి ఆటోలో వెళ్లింది. కొన్ని మేకలు అప్పటికే చచ్చాయి. మిగతావి ధ్రువీకరణ లేకుండానే బతికాయి.

అప్పటినుంచీ బండి వేపచెట్టు నీడన నిలబడింది. నీలవేణి మందులసంచీ భుజాన వేసుకుని బస్సుల్లో, ఆటోల్లో, ఒక్కోసారి పాలక్యాన్ల మధ్య కూచుని తిరిగింది. టీకొట్టు దగ్గర జనం ఊరుకుంటారా?

"బండేమన్నా సూడితో ఉందా ఏంది డాక్టరమ్మా? కదిలించకుండా నీడన కట్టేశారు?" అన్నాడొకడు.

"ఈనితే మాకొక పిల్లబండి ఇప్పియ్యండి," అన్నాడు ఇంకొకడు.

డ్రైవరు మస్తాన్ వలి తల ఎత్తలేకపోయేవాడు. పొద్దున్నే బండి తుడిచి, ముల్లు ఫొటో తీసి, తాళంచెవి జేబులో వేసుకుని సాయంత్రం దాకా బల్లమీద కూచునేవాడు. "డ్రైవరుగా చేరి వాచ్‌మనుగా రిటైరయ్యేటట్టున్నా మేడం," అనేవాడు.

కాని ముల్లు దిగలేదు. గుండ్లవరానికి వరసగా ఆకుపచ్చ నక్షత్రాలు పడ్డాయి. మందులు రావడం మానేసినా నక్షత్రాలు మాత్రం వచ్చాయి.

ఇంతలో వాగొడ్డుపాలెం ఆసుపత్రి వాళ్లు గుండ్లవరాన్ని దాటేశారు. వాళ్ల ముల్లు నిండుగీత మీద ఆగకుండా గీత దాటి పైకెక్కింది. ఆ ఫొటో గ్రూపులో పడగానే డీడీ గారు గుండ్లవరం వచ్చి, బండి ముందు నిలబడి నిట్టూర్చారు.

"నీలవేణి గారూ, అక్కడ ముల్లు గీత దాటింది. ఇక్కడ గీత మీదే ఉంది. సేవాభావం కొరవడింది."

"అక్కడి నేల వాగువైపు వాలుగా ఉంటుంది సార్. బండి ముందుభాగం ఎత్తున ఉండి డీజిలు ఒక మూలకు చేరుతుంది. లోపలి బెండు పైకి తేలుతుంది. అంతేగాని డీజిలేం పెరగదు."

"డీజిలు పెరిగిందని నేనన్నానా? ముల్లు పెరిగింది. ప్రభుత్వానికి ముల్లు కనిపిస్తుందమ్మా. డీజిలు కనిపిస్తుందా?"

నీలవేణి చదివిన పశువైద్యంలో ఆ పాఠం లేదు.

నెల తిరక్కుండా డివిజనులోని ప్రతి ఆసుపత్రి ముందూ ఒక సిమెంటు దిమ్మె లేచింది. వాలుగా, ముందువైపు ఎత్తుగా. దాని పేరు సన్నద్ధతా వేదిక. గుండ్లవరంలో ఇటుకలు చాలకపోతే, గొడ్లు నీళ్లు తాగే తొట్టి పగలగొట్టి ఆ ఇటుకలు వేశారు. బండిని దానిమీదికి ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. ముల్లు చక్కగా గీత దాటి కూచుంది. ఎక్కిన బండి దిగాలంటే అవరోహణ అనుమతి కావాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది.

"పెళ్లికొడుకుని పీటలెక్కిచ్చినట్టు ఎక్కిచ్చాం," అన్నాడు మస్తాన్. "దిగేదానికి ముహూర్తమే లేదు."

బండి కిందికి ఒక ఊరకుక్క చేరి పిల్లల్ని పెట్టింది. ఆ బండివల్ల అప్పటిదాకా సుఖపడిన జంతువు అదొక్కటే.

తూమాడుపల్లెలో గేదెకు నెలలు నిండుతున్నాయి. బస్సులో వెళ్లి చూసినప్పుడల్లా రామతులశమ్మ వాకిట్లోకి తొంగిచూసేది. బండి ఏదని అడిగేది కాదు. ఆ చూపు చాలు. నీలవేణి అవరోహణ అనుమతి కోసం ముందుగానే దరఖాస్తు పెట్టింది. గేదె ఏ రోజున ఈనుతుందో ధ్రువపరిచి, దానిపై గేదె యజమాని సంతకం జతపరచమన్నారు. గేదెను మాత్రం అడగమనలేదు, అదే నయం.

చివరికి గుండ్లవరానికి మొదటి బహుమతి వచ్చింది. ఉత్తమ సన్నద్ధ వాహనం. రాజధాని నుంచి డైరెక్టర్ గారే వచ్చి దండ వేసి, ముల్లును కళ్లారా చూసి వెళతారని కబురు. ఆ వారమంతా డీడీ గారికి నిద్రలేదు. ముల్లు ఫొటో మసకగా ఉంటోందని, లోపలి లైట్లన్నీ వేసి తీయమన్నారు. ఒకటి బాగా రాలేదని ఇంకొకటి, అది వంకరగా ఉందని మరొకటి. పొద్దున వేసిన లైట్లు మధ్యాహ్నం దాకా వెలిగాయి. నెలల తరబడి కదలని బండి ఆ లైట్లన్నిటికీ తన ఒంట్లో ఉన్నదంతా ఇచ్చింది.

డైరెక్టర్ గారు వచ్చే రోజు పొద్దున డీడీ గారు, బంతిపూల దండలు, షామియానా, అన్నీ సమయానికే వచ్చాయి. మస్తాన్ తాళం తిప్పాడు. బండి మూలగనైనా మూలగలేదు. లైటు వెలగలేదు. ముల్లు ఎర్రగీత కిందికి వాలి పడుకుంది.

డీడీ గారి ముఖంలోని రక్తం కూడా ముల్లుతో పాటే దిగింది.

"డీజిలేమైంది?"

"నిండుగా ఉంది సార్. బ్యాటరీ చచ్చింది. కరెంటు లేకపోతే ముల్లు లేవదు," అన్నాడు మస్తాన్. మూత తీసి చూపించాడు. డీజిలు మూతిదాకా తళతళలాడుతోంది.

డీడీ గారు అటు చూడనైనా చూడలేదు. "కంటితో చూసింది సాక్ష్యం కాదయ్యా. ముల్లు ఏమంటోంది? ఖాళీ అంటోంది. దొంగతనం కేసవుతుంది. ముందు నీమీద, తర్వాత డాక్టరు గారి మీద."

"నామీదెందుకు సార్?" అనబోయింది నీలవేణి. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మాయ్, తెల్లారినకాడ్నించి నొప్పులు పడతా ఉంది," అంది రామతులశమ్మ. "ఉమ్మనీరు పోయింది. ఒక్క కాలే కనపడతా ఉంది. పోయినేడు లాగానే. బస్సు పోయిందంటగా?"

"పోయింది పిన్నీ."

"సరేలే మరి," అంది రామతులశమ్మ.

ఆ సరేలే మరి విన్నాక నీలవేణికి మజ్జిగ గ్లాసు మళ్లీ కళ్లముందుకొచ్చింది. అత్యవసరం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే పరీక్ష, ధ్రువీకరణ, దరఖాస్తు వరసకట్టి కనిపించాయి. ఆమె ఆ మాట మింగేసింది. ఇన్ని నెలల్లో ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది. ఈ శాఖలో గేదె కోసం బండి కదలదు. ముల్లు కోసం కదులుతుంది.

"సార్," అంది నెమ్మదిగా, "ముల్లు లేవాలంటే బ్యాటరీకి బలం రావాలి. బలం రావాలంటే ఇంజను తిరగాలి."

"తిప్పండి మరి! చూస్తారేం?"

"తాళానికి లేవదు సార్," అన్నాడు మస్తాన్. "దిమ్మె మీంచి వెనక్కి వదిలి, రివర్సులో గేరేస్తే లేసిద్ది. పాతబండి గదా."

"వెనక్కి అంటే..." డీడీ గారు ఆగిపోయారు. "అది అవరోహణ అవుతుంది."

"అవుతుంది సార్. అనుమతి ఇచ్చేది మీరే," అంది నీలవేణి.

డీడీ గారు గడియారం చూసుకున్నారు. ఆహ్వానపత్రిక వెనక తానే దరఖాస్తు రాసుకున్నారు. తానే చదివి, తల పంకించి, తానే మంజూరు చేశారు. కుక్క మాత్రం ఎవరినీ అడగకుండా తన పిల్లల్ని ఒక్కొక్కటిగా షామియానా కిందికి చేర్చుకుంది.

రాళ్లు తీశారు. కాంపౌండరు, పూలు కట్టే మనిషి, షామియానావాళ్లు ఒక చెయ్యి వేశారు. డీడీ గారు కోటు విప్పి భుజం ఆనించారు. బండి వెనక్కి జారి, ఒక్కసారి ఎగిరిపడి, నల్లటి పొగ ఆయన చొక్కా నిండా ఊది, మేలుకుంది. ముల్లు వణుకుతూ లేవసాగింది.

"లేస్తోంది! లేస్తోంది!" అన్నారు డీడీ గారు, దూడ లేచి నిలబడినంత సంతోషంగా. "ఇంక ఆపేసి దిమ్మె ఎక్కించండి."

"ఆపితే మళ్లీ పడుకుంటుంది సార్, డైరెక్టర్ గారి ముందు. రోడ్డుమీద కాసేపు తిప్పాలి."

"ఎంత దూరం?"

"తూమాడుపల్లె దాకా పోయొస్తే నిలబడుతుంది సార్."

"ఆ ఊరే ఎందుకు?"

నీలవేణి అప్పటికే మందులసంచీ బండిలో పెట్టింది. "రోడ్డు ఖాళీగా ఉంటుంది సార్," అంది.

"సరే. ఇంజను మాత్రం ఆపారో, మీ ఉద్యోగాలు కూడా ఆగుతాయి."

మస్తాన్ ఇన్నాళ్ల ఉక్రోషమంతా ఆక్సిలరేటరు మీద చూపించాడు. నవ్వుతున్న కోడిపుంజు మీద దుమ్ము పడింది. రామతులశమ్మ వాకిట్లో బండి ఆగింది గాని ఇంజను ఆగలేదు. నీలవేణి కొట్టంలోకి పరుగెత్తింది. గేదె పక్కకు ఒరిగి పడుకుని, కళ్లు తేలేసి రొప్పుతోంది. ఆమె చేతికి సబ్బునురుగు పట్టించుకుని, మోకాళ్ల మీద కూచుని, భుజందాకా లోపలికి చెయ్యి పెట్టింది. దూడను వెనక్కి నెట్టింది. మడతపడిన కాలు వేళ్లకు తగిలి జారింది, మళ్లీ తగిలి మళ్లీ జారింది. మూడోసారి గిట్టను గుప్పిట్లో పట్టి, లోపల గీరుకోకుండా నెమ్మదిగా ముందుకు తెచ్చింది.

"తాడు!"

మస్తాన్ తాడు అందించాడు. గేదె ముక్కినప్పుడల్లా లాగారు, అది ఆగినప్పుడు ఆగారు. జిగటగా, నల్లగా, పొగలు కక్కుతూ దూడ వరిగడ్డి మీద జారిపడింది. కదల్లేదు. రామతులశమ్మ దాని ముక్కులో జిగురు కొంగుతో తుడిచి, గడ్డిపరక పెట్టి పొడిచింది. దూడ తుమ్మింది.

"పెయ్య," అంది నీలవేణి.

రామతులశమ్మ బయట బుడబుడమంటున్న బండివంక చూసింది. "బండేసుకునే వచ్చావు తల్లీ," అంది.

"దానికి ఒంట్లో బాగాలేదు పిన్నీ. గాలిమార్పుకని తీసుకొచ్చాను."

వాళ్లు తిరిగొచ్చేసరికి డైరెక్టర్ గారు షామియానా కింద కూచుని ఉన్నారు. ఒళ్లో కుక్కపిల్ల ఉంది. దాన్ని ఎవరు ఇచ్చారో తెలియదు. డీడీ గారి ముఖం చొక్కాకన్నా నల్లగా ఉంది. డైరెక్టర్ గారు లేచి ముల్లు చూశారు. నిండుగీత మీద ఉంది. తర్వాత వంగి చక్రాలు చూశారు.

"ఇంతవరకు చాలా బండ్లు చూశాను. దేని చక్రాలకూ మట్టి లేదు. దీనికే ఉంది. ఏమిటిది?"

నీలవేణి నోరు తెరిచేలోగా డీడీ గారు ముందుకొచ్చారు. భయం మనిషిని కవిని చేస్తుంది. "ఇది మా డివిజను ప్రయోగాత్మకంగా చేపట్టిన ముల్లు పునరుజ్జీవన యాత్ర సార్. నిశ్చలస్థితిలో ముల్లు నీరసిస్తుంది. చలనంలో ఉత్తేజితమవుతుంది."

డైరెక్టర్ గారు చక్రం మీది మట్టిని వేలితో తీసి చూసుకున్నారు. "అంటే, బండి నడవాలంటారు," అన్నారు.

"నా వినయపూర్వక పరిశోధన అదే సార్."

డీడీ గారికి శాలువా కప్పారు. కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి సంచార వాహనమూ ముల్లు ఆరోగ్యము నిమిత్తము దినమునకొక పర్యాయము ఎంపిక చేసిన గ్రామము దాకా పోయి తిరిగి రావలెను. డీజిలు అదనంగా ఇస్తారు. గుండ్లవరానికి ఎంపిక చేసిన గ్రామం తూమాడుపల్లె. చివరి వాక్యం కింద గీత గీశారు. "మార్గమధ్యమున వాహనమును ఎక్కడను, ఎవరికొరకును ఆపరాదు."

మొదటిరోజు రామతులశమ్మ దూడకు నట్టలమందు పట్టించాలని రోడ్డుమీద చెయ్యెత్తి నిలబడింది. బండి ఆమె పక్కనుంచి వెళ్లిపోయింది. నీలవేణి కిటికీలోంచి వెనక్కి చూస్తూ ఉండిపోయింది. ఆసుపత్రికి వచ్చాక ఉత్తర్వు తీసి ఇంకోసారి చదివింది.

"మస్తాన్ గారూ, ఆపకూడదని ఉంది."

"ఉంది మేడం. గీత కూడా గీశారు."

"మెల్లగా పోకూడదని ఎక్కడన్నా ఉందా?"

మస్తాన్ ఉత్తర్వు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలా నెలల తర్వాత అతను పళ్లు కనిపించేలా నవ్వాడు.

ఇప్పుడు తూమాడుపల్లె పొలిమేర రాగానే బండి మొదటి గేరులోకి దిగుతుంది. వెనక తలుపు తెరుచుకుంటుంది. జనం గొడ్లను తోలుకొచ్చి దాని వెంట నడిపిస్తారు. నీలవేణి దిగి, పక్కనే నడుస్తూ సూదులు వేస్తుంది, నోళ్లు తెరిపించి చూస్తుంది, కాలిపుండ్లకు మందు రాస్తుంది. ఊరి చివర మళ్లీ బండెక్కుతుంది. ఇంత చిన్న ఊరు దాటడానికి ఇంతసేపు ఎందుకు పడుతున్నదని డివిజను నుంచి మెమో వచ్చింది. "బండి నడుస్తోంది," అని రాసి పంపింది. ఈసారి ఆకుపచ్చ నక్షత్రం పడింది.

ఆ ఊరి గొడ్లకు అలవాటైపోయింది. రామతులశమ్మ పెయ్యకు మరీను. ఇంటి దగ్గర కట్టేసి సూది వెయ్యబోతే తాడు తెంపుకుంటుంది. బండి వెనక నడుస్తుంటే మాత్రం కిక్కురుమనదు.